నాలుగు బల్బులతో భయపెట్టడం ఎలా? హారర్ సీన్‌కి లైటింగ్

మొదటిసారి దయ్యం షార్ట్ ఫిల్మ్ తీసినప్పుడు లైటింగ్ పేరిట మేం చేసిన పని ఒక్కటే: ఇంట్లో లైట్లన్నీ ఆర్పేశాం. మా అమ్మమ్మగారి పాత పెంకుటిల్లు, అర్ధరాత్రి, పెరట్లో కీచురాళ్లు. అక్కడ నిలబడితే మాకే వెన్ను జలదరించింది. తెల్లారి ల్యాప్‌టాప్‌లో వేసి చూస్తే, బూడిద రంగు చీమలు పాకుతున్నట్టు గిజగిజలాడే బొమ్మ. అమ్మాయి ఎక్కడుందో తెలీదు, తలుపు ఎక్కడుందో తెలీదు. మా మేనమామ అయిదు నిమిషాలు ఓపిగ్గా చూసి, "బాగానే ఉందిరా, కరెంటొచ్చాక మళ్లీ వెయ్యి" అన్నాడు.

కొన్నాళ్ల తర్వాత ఇంకో షూటింగ్‌లో, ఎన్నో ఏళ్లుగా లైట్‌మెన్‌గా చేస్తున్న ఒక పెద్దాయన దగ్గర ఈ గోడు వెళ్లబోసుకున్నాను. ఆయన చేతిలో కేబుల్ చుట్టుకుంటూ, తల కూడా ఎత్తకుండా, "చీకటి కావాలంటే లైటు కావాలి సార్" అన్నాడు. అప్పుడు నవ్వొచ్చింది. ఇప్పుడు ఎవరైనా అడిగితే నేనూ అదే మాట చెప్తున్నాను.

తాడూ పామూ

వేదాంతం చెప్పేవాళ్లు తరచూ వాడే ఉదాహరణ ఒకటుంది. మసక వెలుతురులో దారిలో పడున్న తాడుని చూసి పామనుకుని అదిరిపడటం. రజ్జుసర్పభ్రాంతి అంటారు. వాళ్లు దాన్ని మాయ గురించి చెప్పడానికి వాడతారు గానీ, లైటింగ్ నేర్చుకునేవాడికి అంతకంటే మంచి మొదటి పాఠం నాకు కనబడలేదు. పట్టపగలు చూస్తే అది తాడే. కటిక చీకట్లో అయితే అసలు కనబడదు, తొక్కుకుంటూ పోతాం. పాము పుట్టేది ఆ రెంటికీ మధ్య. ఆకారం తెలుస్తూ, అదేమిటో తెలియని వెలుతురులో. హారర్ సీన్‌కి లైట్ పెట్టడమంటే ఆ మధ్య వెలుతురుని ఫ్రేములో ఎక్కడ ఉంచాలో తేల్చుకోవడమే. ఏది స్పష్టంగా చూపించాలి, ఏది సగం చూపించాలి, ఏది దాచాలి. ప్రతి షాట్‌కీ ముందు ఈ మూడు ప్రశ్నలకీ కాగితం మీద జవాబు రాసుకోండి. లైట్ల సంగతి తర్వాత.

చెప్పడానికి వీలుగా ఒకే ఒక సీన్ తీసుకుందాం. రాత్రి పన్నెండున్నర. ఇంట్లో ఒంటరిగా ఉన్న అమ్మాయి మంచినీళ్ల కోసం వంటింట్లోకి వస్తుంది. ఫ్రిజ్ తలుపు తీస్తుంది, సీసా తీసుకుంటుంది, తలుపు మూస్తుంది. ఆమె వెనక పెరటి గుమ్మం. ఆ గుమ్మంలో ఎవరో నిలబడి ఉన్నారు. అంతే కథ. వంటిల్లు మీదే, ఫోను మీదే, అమ్మాయి మీ చెల్లెలో స్నేహితురాలో.

ఏమేం కావాలి

రెండు 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బులు తెల్లటివి, డబ్బా మీద 6500 కె అని రాసి ఉండేవి (కె అంటే కెల్విన్, వెలుతురు రంగుకి కొలత). ఒకటి పసుపు కాంతిది, 2700 లేదా 3000 కె. చిన్న చేతి టార్చ్ ఒకటి. హోల్డర్లు, పొడవాటి వైర్లు ఉన్న ఎక్స్‌టెన్షన్ బోర్డు. ఫ్రిజ్ ప్యాకింగులో వచ్చే తెల్ల థర్మోకోల్ ముక్క. రెండు నల్ల చార్టు పేపర్లు, ఒక నల్ల దుప్పటి, గుప్పెడు బట్టల క్లిప్పులు. మునగ కొమ్మో వేప కొమ్మో ఒకటి. దాని సంగతి తర్వాత చెప్తాను.

హోల్డరుకి వైరు కలిపిన చోట టేపు సరిగా చుట్టారో లేదో చూసుకోండి. వంటింట్లో నేల తడిగా ఉంటుంది. పాతకాలపు ఫిలమెంట్ బల్బు వాడితే దానికి కాగితం తగిలించకండి, మాడిపోతుంది.

ముందు గోడల సంగతి చూడండి

మన ఇళ్లలో గోడలకి లేత క్రీమ్, లేత పిస్తా, తెలుపు రంగులే ఎక్కువ. ఒక్క బల్బు వేస్తే చాలు, వెలుతురు నాలుగు గోడలకీ తగిలి తిరిగొచ్చి గదంతా నిండిపోతుంది. నీడ అనేదే మిగలదు. కొత్తగా తీసేవాళ్లు బల్బు మార్చి, మళ్లీ మార్చి విసిగిపోయేది ఇక్కడే. తప్పు బల్బుది కాదు, సున్నానిది.

మనిషిని గోడకి దూరంగా జరపండి, కనీసం అయిదారు అడుగులు. బల్బుని మాత్రం మనిషికి దగ్గరగా తీసుకురండి. దూరం రెట్టింపైతే వెలుతురు సగం కాదు, నాలుగో వంతు అవుతుంది. మూడు రెట్లయితే తొమ్మిదో వంతు. ఫిజిక్సులో చదివి మర్చిపోయిన ఈ లెక్కే హారర్ కెమెరామన్‌కి అన్నం పెట్టేది. బల్బు ముఖానికి రెండడుగుల్లో ఉండి, వెనక గోడ బల్బుకి ఎనిమిదడుగుల్లో ఉందనుకోండి. గోడ మీద పడే వెలుతురు ముఖం మీద పడేదాంట్లో పదహారో వంతు. గోడకి నల్ల రంగు వెయ్యకుండానే నల్లబడిపోయింది.

అప్పటికీ ముఖానికి రెండో పక్క నుంచి గోడ వెలుతురు తిరిగొస్తుంటే, కెమెరాకి కనబడకుండా అటువైపు నల్ల దుప్పటి వేలాడదీయండి. సినిమా సెట్ మీద ఇలాంటి పనికి నల్ల గుడ్డ బిగించిన ఫ్రేములు వాడతారు, కట్టర్ అంటారు. మనకి అమ్మమ్మ దుప్పటి చాలు. చెంప మీద తేడా కంటితో చూసి నమ్మలేరు, ఫోను స్క్రీన్‌లో చూడండి.

ఫోను తెలివిని కట్టేయండి

ఫోను మహా మంచిది. చీకటి పడగానే "అయ్యో, వీళ్లకి కనబడటం లేదు" అని తనంతట తానే బొమ్మని వెలిగించేస్తుంది. మీరు కష్టపడి చేసిన చీకటి కాస్తా బూడిదైపోతుంది. అందుకని మాన్యువల్ కెమెరా యాప్ ఒకటి వేసుకుని మూడు విషయాలు మీ చేతిలోకి తీసుకోండి.

షట్టర్, అంటే ఒక్కో ఫ్రేము మీద వెలుతురు పడనిచ్చే సమయం, 1/50 సెకను దగ్గర పెట్టండి, ఫ్రేములు సెకనుకి 25. మన దేశంలో కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి బల్బుల వెలుతురు సెకనుకి వందసార్లు ఎగసి తగ్గుతుంటుంది. 1/50 అయితే ప్రతి ఫ్రేములోనూ సరిగ్గా రెండు ఎగసిపాట్లు పడతాయి, బొమ్మ నిలకడగా ఉంటుంది. 1/60 పెడితే కొన్ని బల్బుల దగ్గర స్క్రీన్ మీద చారలు పాకుతాయి. ఐఎస్‌ఓ, అంటే పడిన వెలుతురుని కెమెరా ఎంత పెంచి చూపించాలో చెప్పే అంకె, ఎంత తక్కువ ఉంటే అంత మంచిది. నేనైతే ఫోనులో 400 దాటనివ్వను. సరిపోకపోతే బల్బుని దగ్గరికి జరుపుతాను తప్ప ఐఎస్‌ఓ పెంచను. మా పెంకుటింటి చీమలన్నీ అక్కడి నుంచి వచ్చినవే. ఇక వైట్ బ్యాలెన్స్, అంటే ఏ రంగు వెలుతురుని తెల్లగా చూపించాలో కెమెరాకి చెప్పే అంకె, 4000 కె దగ్గర బిగించేయండి. ఎందుకో ఇప్పుడు చెప్తాను.

వెన్నెల తయారు చేయడం

సినిమాల్లో రాత్రి నీలంగా ఉంటుంది. నిజానికి వెన్నెల నీలం కాదు. చంద్రుడి మీద పడి తిరిగొచ్చిన ఎండే అది, రంగు చూస్తే ఎండకంటే ఓ పిసరు పసుపే. మరి నీలంగా ఎందుకు అనిపిస్తుంది? సాయంత్రం చీకటి పడేటప్పుడు పెరట్లో మందారపూలని గమనించండి. పగలంతా మండిపోయిన ఎరుపు నల్లగా మాడిపోతుంది, ఆకులు మాత్రం ఇంకా తేలిగ్గా కనబడుతుంటాయి. వెలుతురు తగ్గేకొద్దీ మన కంటికి ఎరుపు ముందు పోతుంది, నీలం వైపు రంగులు చివరిదాకా ఉంటాయి. 19వ శతాబ్దం మొదట్లో చెక్ శాస్త్రవేత్త పుర్కిన్యే ఇది గమనించి రాశాడు, అందుకే దీనికి ఆయన పేరే పెట్టారు. కాబట్టి నీలి వెన్నెల అబద్ధమే అయినా మన కన్ను రోజూ చెప్పే అబద్ధం. ప్రేక్షకుడు ఇట్టే నమ్మేస్తాడు.

ఇప్పుడు ఆ 4000 సంగతి. కెమెరాని 4000 దగ్గర పెడితే 6500 బల్బు నీలంగా, 2700 బల్బు దీపపు పసుపుగా పడతాయి. రంగు కాగితాలు కొనక్కర్లేదు. తెల్ల బల్బుని వంటింటి కిటికీ బయట, కిటికీకంటే ఎత్తున, ఓ పక్కగా కట్టండి. అదే మీ చంద్రుడు. మన కిటికీలకి ఎలాగూ ఊచలుంటాయి, వాటి నీడ నేలమీదా గట్టుమీదా చారలుగా పడుతుంది. బల్బుకీ కిటికీకీ మధ్య ఆ మునగ కొమ్మని ఎవరిచేతనైనా పట్టించండి. సన్నటి ఆకుల నీడలు గోడమీద వణుకుతాయి. కొమ్మ పట్టుకున్నవాడికి ఒక్కటే చెప్పండి: ఊపకు, ఊపిరి పీల్చు. ఊపితే తుఫాను సీన్ అయిపోతుంది.

నేల మీద నీలం మరీ ముదిరితే వైట్ బ్యాలెన్స్ 4500కి జరపండి. టీవీ సీరియల్ దయ్యాల నీలం మాత్రం వద్దు. దానికి తోడు ఆకుపచ్చా ఎరుపూ కలిపితే పెళ్లి పందిరైపోతుంది. రంగులతో భయపెట్టినవాళ్లు లేకపోలేదు. డారియో అర్జెంటో 1977లో తీసిన 'సస్పీరియా'లో గోడలూ ముఖాలూ కూడా ఎర్రగా, నీలంగా మండిపోతుంటాయి. కానీ ఆయన సినిమా మొత్తం అదే పిచ్చిలో, ఒక పద్ధతిగా తీశాడు. మనం ఒక్క షాట్‌లో ఎర్రబల్బు వేస్తే ప్రేక్షకుడికి మెడికల్ షాపు బోర్డు గుర్తొస్తుంది.

ముఖం: ఎక్కడినుంచి వెలుతురు?

పుట్టినప్పటినుంచీ మనకి వెలుతురు పైనుంచే. సూర్యుడు, చంద్రుడు, ట్యూబ్‌లైట్. ముక్కు నీడ కిందికి, కనుబొమ్మ నీడ కంటి మీదికి. మనిషి ముఖాన్ని గుర్తుపట్టడం ఈ నీడలతోనే అలవాటైంది. టార్చ్‌ని గడ్డం కింద పెట్టగానే నీడలన్నీ తిరగబడతాయి, రోజూ చూసే ముఖమే పరాయిదైపోతుంది. ఈ కిటుకు ప్రతి పిల్లాడికీ తెలుసు, ప్రేక్షకుడికీ తెలుసు. అందుకే కారణం లేకుండా కిందినుంచి లైటు వెయ్యకండి. వేస్తే దానికి కథలో ఒక వస్తువు ఉండాలి. నేలమీద పెట్టిన దీపం, చేతిలో ఫోను, పొయ్యి మంట.

మన సీన్‌లో ఆ వస్తువు ఫ్రిజ్. అర్ధరాత్రి ఫ్రిజ్ తెరిచినప్పుడు ముఖం మీద పడే వెలుతురు ఎదురుగా, కాస్త కిందినుంచి వస్తుంది. చల్లటి, ఏ మెరుగూ లేని వెలుతురు. ఫ్రిజ్‌లో ఉన్న లైటు సరిపోకపోతే రెండో తెల్లబల్బుని పై అరలో సీసాల వెనక దాచండి. ఫ్రిజ్ వెలుతురుకి తగ్గట్టు ముఖం బాగా కనబడేలా ఐఎస్‌ఓ తేల్చుకుని బిగించండి. తర్వాత కిటికీ బయటి చంద్రుణ్ణి దూరం జరుపుతూ, అమ్మాయి భుజం మీద పడే వెన్నెల ముఖం మీది వెలుతురులో నాలుగో వంతు అయ్యేదాకా తగ్గించండి. మీటర్ అక్కర్లేదు. ఫ్రిజ్ తలుపు మూసినప్పుడు ఆమె కళ్లు ఎటు చూస్తున్నాయో కష్టంమీద తెలియాలి. తేలిగ్గా తెలిస్తే ఎక్కువైంది. అసలు తెలియకపోతే తక్కువైంది.

ఈ సీన్‌కి ప్రాణం ఆ తలుపు మూసే క్షణమే. నిజం వంటింట్లో ఎప్పుడైనా గమనించారా? ఫ్రిజ్ మూయగానే ఒక్క క్షణం కళ్లు కమ్మినట్టుంటుంది, తర్వాత నెమ్మదిగా గట్టు, కుళాయి, గుమ్మం ఒక్కొక్కటే తేలతాయి. చీకటికి మన కన్ను పూర్తిగా అలవాటు పడాలంటే ఇరవై ముప్పై నిమిషాలు పడుతుంది. సినిమాలో అంత ఆగలేం గానీ, తలుపు మూశాక రెండు మూడు సెకన్లు ఎవరినీ కదలనివ్వకండి. అమ్మాయిని, కెమెరాని, కొమ్మ పట్టుకున్నవాణ్ణి కూడా. ఆ మూడు సెకన్లలో ప్రేక్షకుడు ఫ్రేమంతా వెతుకుతాడు. మీరు వెతకమని చెప్పక్కర్లేదు.

కళ్ల విషయం ఒకటి చెప్పాలి. బతికున్న మనిషి కంట్లో ఎక్కడో ఒక వెలుతురు చుక్క మెరుస్తుంటుంది. ఎదురుగా ఉన్న బల్బో కిటికీనో కంట్లో పడే ప్రతిబింబం అది. ఆ చుక్క తీసేస్తే కళ్లు చచ్చిపోతాయి. భయపడే మనిషి కంట్లో చుక్క ఉంచండి, భయపెట్టేదాని కంట్లో తీసేయండి. అమ్మాయికి చుక్క కావాలంటే థర్మోకోల్ ముక్కని కెమెరా పక్కనే పట్టుకుంటే చాలు. 1931 నాటి 'డ్రాక్యులా' సరిగ్గా దీనికి ఎదురుదారిలో వెళ్లింది. బేలా లుగోసీ ముఖమంతా మసకగా ఉంచి కళ్ల మీద మాత్రం సన్నటి వెలుతురు పట్టీ వేశారు. ముఖం చచ్చిపోయి కళ్లు మాత్రం బతికున్నట్టుంటుంది. నల్ల చార్టులో అంగుళం చీలిక కోసి టార్చ్ ముందు పెడితే మీకూ వస్తుంది ఆ పట్టీ. నటుడు తల కదిలిస్తే మాత్రం కళ్లు పట్టీలోంచి జారిపోతాయి. పదిసార్లు తీయడానికి సిద్ధపడండి.

నీడని నటుడిగా వాడటం

నీడతో భయపెట్టడం గురించి ఎవరు రాసినా 1922లో ముర్నావ్ తీసిన 'నోస్ఫెరాటు'లో మెట్లెక్కే నీడ దగ్గరికి రాకుండా ఉండరు. గూని వీపు, కొంకర వేళ్లు, మనిషి కనబడడు. దానికన్నా ఎంతో ముందునుంచే నీడలతో రాత్రంతా కథ నడిపినవాళ్లు మన తోలుబొమ్మలాట కళాకారులు. వాళ్ల దగ్గర నేర్చుకోవాల్సింది ఎంతో ఉంది. తెర వెనక దీపం, దీపానికీ తెరకీ మధ్య బొమ్మ. బొమ్మని తెరకి ఆనించి పట్టుకుంటే అంచులు కత్తిరించినట్టు ఉంటాయి. తెర నుంచి వెనక్కి, దీపం వైపు లాగితే నీడ పెరుగుతుంది, అంచులు కరుగుతాయి.

లెక్క తేలికే. బల్బు నుంచి గోడకి పదడుగులు, బల్బు నుంచి చేతికి రెండడుగులు ఉంటే నీడ చేతికి అయిదింతలు. చేతిని అయిదడుగుల దగ్గరికి జరిపితే రెండింతలే. అంటే మనిషి బల్బు వైపు వెనక్కి అడుగేస్తే గోడమీద నీడ మీదికొస్తున్నట్టు ఉంటుంది. నీడకి అంచు పదునుగా కావాలంటే వెలుతురు చిన్న చుక్కలోంచి రావాలి. పాలరంగు డోమ్ ఉన్న ఎల్‌ఈడీ బల్బు పనికిరాదు, నీడ జావలా పరుచుకుంటుంది. ఫోను వెనకున్న ఫ్లాష్ లైటు దీనికి బ్రహ్మాండం. ట్యూబ్‌లైట్‌తో నీడలాటలు మర్చిపోండి.

మన సీన్‌లో నీడ వాడాలా? నా మట్టుకు వద్దు. గుమ్మంలో ఆకారం ఉండగా గోడమీద నీడ కూడా పెడితే ఒకే సంగతి రెండుసార్లు చెప్పినట్టవుతుంది. నీడ వేరే సీన్‌కి దాచుకోండి.

గుమ్మంలో ఉన్నది

ఇప్పుడు అసలు పని. అమ్మాయి వెనక పెరటి గుమ్మం నల్లగా ఉండాలి. గుమ్మం అవతల మనిషి నల్లచీర కట్టుకుని నిలబడాలి. ఆమె వెనక కూడా నల్లదుప్పటి. ఫ్రేములో చూస్తే అక్కడ ఏమీ లేదు, ఖాళీ చీకటి. అమ్మాయి నీళ్లు తాగుతోంది. అప్పుడు ఆ చీకట్లోంచి ఒక ముఖం మెల్లగా తేలుతుంది. కదలదు, అరవదు. అది ఎప్పటినుంచి అక్కడుందో ప్రేక్షకుడికి తెలీదు, దాంతో ఇంతసేపూ ఉందేమో అనిపిస్తుంది.

1978 నాటి 'హాలోవీన్'లో కథానాయిక వెనకున్న చీకటి గుమ్మంలోంచి తెల్లముసుగు ఇలాగే తేలుతుంది. కెమెరామన్ డీన్ కండీ ముసుగు మీదికి చిన్న లైటొకటి పెట్టి డిమ్మర్‌తో నెమ్మదిగా పెంచాడు. మాస్క్ ముందునుంచీ అక్కడే ఉంది. మారింది వెలుతురొక్కటే. ఇంత చవకైన, ఇంత పనిచేసే కిటుకు హారర్‌లో ఇంకోటి ఉందనుకోను.

డిమ్మర్ లేకపోతే? మామూలు ఎల్‌ఈడీ బల్బులని డిమ్మర్‌కి తగిలిస్తే చాలావాటిల్లో వెలుతురు మెల్లగా పెరగదు, టపటపలాడుతుంది. అందుకని ఇలా చేయండి. పసుపు బల్బుకి నల్ల చార్టుని గొట్టంలా చుట్టండి, బల్బుకి అంటకుండా రెండు వేళ్ల ఖాళీ ఉంచి. ఆ గొట్టం నోరు ముఖం వైపు, పక్కనుంచి, కాస్త పైనుంచి ఉండేలా గుమ్మం అవతల దాచండి. గొట్టం నోటికి ఇంకో చార్టు ముక్క అడ్డం పెట్టి, టేక్ నడుస్తుండగా ఎనిమిది పది సెకన్లు తీసుకుని దాన్ని పక్కకి జరపండి. చార్టుని ఓ జానెడు ముందుకి పట్టుకుని జరిపితే వెలుతురు అంచు కత్తిలా ముఖం మీద పాకుతుంది, అది బాగోదు. నోటికి ఆనించి జరిపితే అంచు కరిగి, ముఖం మొత్తం మెల్లగా నానుతున్నట్టు వస్తుంది. పూర్తిగా తెరవకండి. చెంప, ముక్కు దూలం, నుదుటి మీద ఓ పాయ వరకు. తక్కింది ప్రేక్షకుడు తన ఖర్చుతో తాను పూరించుకుంటాడు.

వెలుతురు రంగు ఇక్కడ పసుపు ఎందుకంటే, వంటిల్లంతా నీలంగా ఉన్నప్పుడు ఆ ఒక్క పసుపు మచ్చ మీదికి కన్ను దానంతట అదే పోతుంది. పైగా ఆ గుమ్మం అవతల దీపం లేదని ప్రేక్షకుడికి తెలుసు. ఆ వెలుతురు ఎక్కడిది అన్న ప్రశ్న మనసులో ఎక్కడో గుచ్చుకుంటుంది. చిన్నప్పుడు కొరివిదయ్యం కథలు విన్నవాళ్లకి ఇది కొత్తగా అనిపించదు. ఊరవతల పొలాల్లో, మనిషి ఉండకూడని చోట, ఒంటరిగా కదిలే మంట. అక్కడ భయం చీకటిది కాదు, వెలుతురుదే.

ముఖం అసలు చూపించకుండా ఆకారమే కావాలంటే లైటు ఎదురుగా కాకుండా వెనక పెట్టండి. 1973 నాటి 'ఎక్సార్సిస్ట్'లో టోపీ పెట్టుకున్న ఫాదర్ మెరిన్ రాత్రిపూట వీధిదీపం కింద ఇంటిముందు నిలబడే బొమ్మ అలాంటిది. మనిషి మొత్తం నల్లగా, చుట్టూ పొగమంచులో వెలుతురు. గమ్మత్తేమిటంటే అక్కడ ఆ నల్లటి ఆకారం మంచివాడిది, వెలుతురు వస్తున్నది దయ్యమున్న గదిలోంచి. రెనే మాగ్రిట్ గీసిన ఒక పెయింటింగ్ ఆ షాట్‌కి ప్రేరణ. మన పెరట్లో పొగమంచు కావాలంటే సాంబ్రాణి పొగ వేయండి. గాలి వీస్తే రెండు నిమిషాల్లో పోతుంది, రెండో విడత నిప్పులు సిద్ధంగా ఉంచుకోండి.

కదిలే వెలుతురు

ఇది మన సీన్‌కి అక్కర్లేదు గానీ మీ తర్వాతి సీన్‌కి పనికొస్తుంది. 1960 నాటి 'సైకో' చివర్లో నేలమాళిగలో వేలాడే బల్బుకి చెయ్యి తగిలి అది ఊగుతుంది. నీడలు అటూ ఇటూ పరిగెత్తి, ఎండిపోయిన పుర్రె కంటిగుంటల్లో ప్రాణమున్నట్టు కదులుతాయి. కదిలింది బల్బే. ఇంట్లో వేలాడే బల్బుంటే ఈ రాత్రే ఊపి చూడండి. మీ ఇస్త్రీ బట్టల కుప్ప కూడా ఊపిరి తీస్తుంది.

ట్యూబ్‌లైట్ టపటపలాడటం మాత్రం వాడి వాడి అరిగిపోయింది. వాడాలనిపిస్తే ఒక్కసారి, ఒక్క సెకను. మెరుపులు, టపటపలు సెకనుకి మూడుసార్లకి మించి కొట్టించకండి. కొందరికి మూర్ఛ వచ్చే ప్రమాదం ఉంది. కొంచెం ఎక్కువున్నా సినిమా మొదట్లో హెచ్చరిక వేయండి.

పట్టపగలు కూడా

మన పెద్దవాళ్లు దయ్యానికి రెండు వేళలు కేటాయించారు, అర్ధరాత్రీ మిట్టమధ్యాహ్నమూ. మిట్టమధ్యాహ్నం చింతచెట్టు కిందికి పోకురా అనేది మా నాయనమ్మ. కెమెరామన్ కంటితో చూస్తే ఆ మాటలో విషయముంది. సూర్యుడు నడినెత్తిన ఉంటే కనుబొమ్మల కింద కళ్లు గుంటలవుతాయి, నీడలు కాళ్ల కింద నక్కుతాయి, వీధిలో జనం ఉండరు. 1980 నాటి 'షైనింగ్'లో హోటల్ వరండాలు దీపాలతో వెలిగిపోతూ ఉంటాయి. 2019 నాటి 'మిడ్‌సొమ్మార్' చాలామటుకు ఎండలోనే నడుస్తుంది. వాటిలో భయం అన్నీ కనబడటంలోంచి వస్తుంది, దాక్కునే చోటు లేకపోవడంలోంచి. 1992లో రామ్‌గోపాల్ వర్మ 'రాత్రి' తీసినప్పుడు మొదలుపెట్టింది కూడా మామూలు మధ్యతరగతి కుటుంబంతోనే, పాడుబడ్డ బంగళాతో కాదు. కానీ పగటి భయం మొదటి సినిమాకి కష్టం. దాచడానికి చీకటి ఉండదు కాబట్టి నటన, సెట్టు, ఫ్రేము ఏది తేలిపోయినా బయటపడుతుంది.

తీశాక

ఎడిటింగ్‌లో చీకటిని తగ్గించడం కష్టం, పెంచడం సుళువు. అందుకని మీకు కావాల్సినదానికంటే ఓ మెట్టు వెలుతురుగానే తీసి, తర్వాత ముంచండి. ముంచేటప్పుడు పూర్తి నలుపులోకి తోయకుండా, అన్నిటికన్నా చీకటి చోట్ల కూడా ఓ చిటికెడు బూడిద ఉంచండి. వీడియో అప్‌లోడ్ చేసినప్పుడు కుదింపులో ముందు దెబ్బతినేది చీకటి భాగాలే. నున్నటి నీడలు చారలు చారలుగా, గళ్లు గళ్లుగా విరిగిపోతాయి. కాస్త గ్రెయిన్, అంటే బొమ్మ మీద ఇసుక చల్లినట్టుండే సన్నటి చుక్కలు, కలిపితే ఆ చారలు చాలావరకు కప్పడిపోతాయి.

ఇంకో మాట. మీరు ఎడిట్ చేసేది రాత్రిపూట, లైట్లార్పి, ల్యాప్‌టాప్ వెలుతురు నిండుగా పెట్టుకుని. మీ ప్రేక్షకుడు చూసేది బస్సులో కిటికీ పక్కన కూర్చుని, గీతలు పడ్డ ఫోనులో. ఎండలో నిలబడి ఒకసారి, ట్యూబ్‌లైట్ కింద ఒకసారి, దుప్పటి ముసుగులో ఒకసారి చూడండి. గుమ్మంలో ముఖం మూడుచోట్లా కనబడాలి, కనబడీ కనబడనట్టు. ఎండలో అసలు కనబడకపోతే ఆ ముఖం ఉన్న చోటొక్కటే కాస్త పైకి లేపండి, ఫ్రేమంతా లేపకండి.

మా మేనమామకి మొన్న కొత్తది చూపించాను, ఇదే వంటింటి సీన్. ఆయన చూసి ఏమీ అనలేదు. లేచి వెళ్లి పెరటి తలుపు గొళ్లెం వేసొచ్చి, మళ్లీ మొదటినుంచి వెయ్యమన్నాడు.